వారం రోజుల హిమాలయ నడక: ఐదు దారుల్లో మీకు ఏది?

హిమాలయాల్లో వారం రోజులు నడవాలని ముచ్చటపడేవాళ్లు ఎక్కువగా రెండు చూసి దారి ఎంచుకుంటారు. ఒకటి ఫోటోలు, రెండోది ఎత్తు. కశ్మీర్ సరస్సుల నీలిరంగు చూశాక మిగతావన్నీ చిన్నబోతాయి. పద్నాలుగు వేల అడుగుల ట్రెక్ ముందు పదకొండు వేల అడుగుల ట్రెక్ లెక్కలోకే రాదు. నన్నెవరైనా సలహా అడిగితే ముందు వేరే రెండు ప్రశ్నలు వేస్తాను. రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటారు? మధ్యలో ఒంట్లో బాగోలేకపోతే ఎటు దిగుతారు? వీటికి వచ్చే జవాబులు మీకు సరిపడితే ఫోటోల సంగతి తర్వాత చూసుకోవచ్చు. హిమాలయాల్లో అందం లేని దారి నాకైతే ఇంతవరకు తగల్లేదు.

రెండు రోజుల ట్రెక్‌కీ వారం ట్రెక్‌కీ అసలు తేడా రాత్రుల్లో ఉంటుంది. ఒక రాత్రి చలికి నిద్ర పట్టకపోయినా మర్నాడు ఎలాగోలా నడిచేస్తాం. వరసగా మూడు రాత్రులు అలా గడిస్తే ఆకలి చచ్చిపోతుంది, చిరాకు పెరుగుతుంది, చిన్న రాయి మీద కూడా కాలు మడత పడుతుంది. తడిసిన సాక్సులు ఆరవు. బ్యాగ్ బరువు మొదటి రోజు ఎంతో ఐదో రోజూ అంతే, మోసే భుజాలే అప్పటికి వేరేగా ఉంటాయి. అందుకే పడక గురించి ముందు అడుగుతాను.

ఇక్కడ పోల్చేది ఐదు దారులు: బెంగాల్‌లో సందక్‌ఫు–ఫాలుట్, నేపాల్‌లో అన్నపూర్ణ బేస్ క్యాంప్, ఉత్తరాఖండ్‌లో హర్ కీ దూన్, కశ్మీర్ గ్రేట్ లేక్స్, సిక్కింలో గోయ్‌చాలా. ఐదూ హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి పది, పన్నెండు రోజుల సెలవులో వెళ్లి రాగలిగినవే. రూప్‌కుండ్ గురించి ఇప్పటికీ అడుగుతుంటారు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఎత్తైన పచ్చిక మైదానాల్లో రాత్రి బస నిషేధించాక ఆ దారి మూతపడింది. కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేశాను.

గదా, టెంటా?

సందక్‌ఫు, అన్నపూర్ణ దారుల్లో ప్రతి రాత్రీ నాలుగు గోడల మధ్యే పడుకుంటారు. గది చిన్నది, గోడలు పల్చటి చెక్కవి. పక్క గదిలో గురక మీ గదిలోకి వినిపిస్తుంది. అయినా మంచం, పరుపు, మందపాటి దుప్పటి, వండి వడ్డించే మనుషులు, తలుపున్న బాత్రూమ్ ఉంటాయి. మీరు మోయాల్సింది బట్టలు, మందులు, నీళ్లు, చిరుతిండి. టెంట్, పరుపు, స్టవ్ మోసే పని లేదు కాబట్టి సొంత బ్యాగ్ సొంత భుజాల మీద మోసుకుంటూ నడవాలన్న కోరిక ఉన్నవాళ్లకు ఈ రెండు దారులూ బాగా కుదురుతాయి. ఎనిమిది, తొమ్మిది కిలోల్లో సర్దేయొచ్చు.

కశ్మీర్, గోయ్‌చాలా దారుల్లో టెంట్లే. ఏజెన్సీతో వెళ్తే టెంటు వాళ్లే వేస్తారు, వంట వాళ్లే చేస్తారు, సామాను కంచర గాడిదలో జోలో మోస్తాయి. జో అంటే జడల బర్రెకూ ఆవుకూ పుట్టే సంకర జంతువు, సిక్కింలో ఇవే ఎక్కువ. కానీ వాన పడిందంటే టెంట్‌లో గడిపే సాయంత్రం చాలా పొడుగ్గా ఉంటుంది. గుంట తవ్వి చుట్టూ గుడ్డ కట్టిన టాయిలెట్‌కి అర్ధరాత్రి మంచులో నడిచి వెళ్లాలి. నెలసరి రోజులు ఈ వారంలో వచ్చే అవకాశం ఉన్న ఆడవాళ్లు దీన్ని ముందే లెక్కలో వేసుకోవడం మంచిది. వాడిన ప్యాడ్లు అక్కడ పారేయకూడదు, జిప్ కవర్లో పెట్టి వెనక్కి తెచ్చుకోవాల్సిందే. హర్ కీ దూన్ మధ్యరకం. కొన్ని రాత్రులు ఊళ్లలో ఇళ్లలోనే ఉండొచ్చు, పై భాగంలో టెంట్.

టెంట్‌లో ఎప్పుడూ పడుకోనివాళ్లు మొదటిసారే ఏడు రాత్రుల టెంట్ ట్రెక్ తీసుకోవద్దని నా సలహా. దగ్గర్లో ఎక్కడైనా ఒక్క రాత్రి గడిపి చూడండి. వంజంగిలోనో అనంతగిరిలోనో శీతాకాలం టెంట్ వేసుకుని పడుకుంటే మీ ఒళ్లు ఏమంటుందో తెలిసిపోతుంది.

సందక్‌ఫు–ఫాలుట్: కింద రోడ్డు, పైన కాంచన్‌జంగా

డార్జీలింగ్ దగ్గరి మానేభంజన్‌లో మొదలయ్యే ఈ దారి సింగాలీలా రిడ్జ్, అంటే పొడవాటి కొండ వెన్ను మీదుగా భారత్–నేపాల్ సరిహద్దు వెంటే పోతుంది. కొన్ని చోట్ల టీ తాగేది నేపాల్‌లో, ఫోటో తీసుకునేది ఇండియాలో. సందక్‌ఫు ఎత్తు 3,636 మీటర్లు, పశ్చిమ బెంగాల్‌లో ఇంతకన్నా ఎత్తైన చోటు లేదు. తెల్లవారుజామున ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్ట్, కాంచన్‌జంగా, లోత్సే, మకాలూ కనిపిస్తాయి. ప్రపంచంలో మొదటి ఐదు ఎత్తైన శిఖరాల్లో నాలుగు ఒక్క చోట నిలబడి చూసినట్టు. కాంచన్‌జంగా వరస మొత్తం పడుకున్న బుద్ధుడిలా ఉంటుందని అక్కడివాళ్లు అంటారు. ఆ మాట విన్నాక మీకూ అలాగే కనిపిస్తుంది.

ఎత్తు పెరిగే తీరు కూడా ఒంటికి అనుకూలమే. తుమ్లింగ్‌లో ఒక రాత్రి, కాలీపోఖ్రీలో ఒక రాత్రి, ఆ తర్వాతే సందక్‌ఫు. మానేభంజన్ నుంచి సందక్‌ఫు సుమారు 31 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఫాలుట్ మరో 21. తర్వాత అడవిలోంచి గోర్ఖేకి దిగి, శ్రీఖోలా మీదుగా బయటపడతారు.

లోపం కూడా చెప్పాలి. సందక్‌ఫు దాకా జీపు రోడ్డు ఉంది. ఒకప్పుడు పాత ల్యాండ్ రోవర్లు తిరిగేవి, ఇప్పుడు ఎక్కువగా బొలేరోలు. చెమటలు కక్కుతూ ఎక్కుతుంటే పక్కనుంచి జీపు దుమ్ము కొట్టుకుంటూ పోతుంది, అందులోంచి ఎవరో చెయ్యి ఊపుతారు. పైకి చేరాక ముందు వరసలో నిలబడి ఫోటోలు తీసుకునేదీ వాళ్లే. చాలామంది సందక్‌ఫు చూసి వెనక్కి తిరిగి, దారి బాగాలేదని చెబుతారు. వాళ్లు సగం దారే చూశారు. సందక్‌ఫు నుంచి ఫాలుట్ దాకా నడిచే రోజు ఐదు దారుల మొత్తంలో నాకు నచ్చిన నడక. రోజంతా రిడ్జ్ మీదే, కుడి పక్కన కాంచన్‌జంగా, జీపులు బాగా తగ్గిపోతాయి. గోర్ఖే ఊరైతే వాగు పక్కన నాలుగు ఇళ్లు, మొక్కజొన్న చేలు. అక్కడ ఒక పూట ఎక్కువ ఉండేలా ప్లాన్ చేసుకోండి. ఫాలుట్‌లో మాత్రం గాలి జోరు ఎక్కువ, నీటికి కటకట, బసకు చోటు తక్కువ. గది ముందే మాట్లాడుకోవాలి.

ఆ జీపు రోడ్డుకు ఇంకో ముఖం ఉంది. మోకాలు పట్టేసినా, తలనొప్పి తగ్గకపోయినా, కొన్ని గంటల్లో కింద ఆసుపత్రి ఉన్న ఊరు చేరొచ్చు. యాభై దాటిన అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇద్దరు నడుస్తూ, ఇద్దరు జీపులో వస్తూ రాత్రికి ఒకే చోట కలవొచ్చు. మిగతా నాలుగు దారుల్లో ఈ వీలు లేదు.

దారి సింగాలీలా జాతీయ పార్కులోంచి పోతుంది కాబట్టి స్థానిక గైడ్ తప్పనిసరి, మానేభంజన్‌లోనే దొరుకుతారు. పార్కు జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా మూసి ఉంటుంది. శిఖరాలు బాగా కనిపించేది అక్టోబర్, నవంబర్ నెలల్లో. రోడోడెండ్రాన్ పూలు కావాలంటే ఏప్రిల్. రెండూ ఒకేసారి దొరకడం అదృష్టం, వసంతంలో మబ్బు ఎక్కువ.

అన్నపూర్ణ బేస్ క్యాంప్: మెట్లు, పప్పన్నం, మళ్లీ మెట్లు

పోఖరా నుంచి జీపులో దారి మొదలు దాకా వెళ్లి, జిన్నూ, చోమ్రోంగ్, బాంబూ, దేవరాలి మీదుగా 4,130 మీటర్ల బేస్ క్యాంప్‌కు చేరే దారి ఇది. చివర్లో చుట్టూ శిఖరాలు గోడలా నిలబడతాయి. ఒక పక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ, ఇంకో పక్క చేపతోక ఆకారంలో మచ్ఛపుచ్ఛ్రే. ఈ రెండోదాన్ని నేపాలీలు పవిత్రంగా చూస్తారు, ఎక్కడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వదు.

దారి పొడవునా టీ హౌసులు, అంటే తిండీ గదీ దొరికే చిన్న లాడ్జిలు. రెండు, మూడు గంటలు నడిస్తే ఏదో ఒక ఊరో లాడ్జో తగులుతుంది. అలసిపోతే అక్కడే ఆగిపోవచ్చు. టెంట్ ట్రెక్‌లో గుంపు ఎక్కడ ఆగితే అక్కడే ఆగాలి, ఎప్పుడు లేస్తే అప్పుడే లేవాలి. ఇక్కడ మీ వేగం మీదే. ఒంటరిగా నడవడం ఇష్టమైనవాళ్లకు, ఒకరికొకరు వేగం కుదరని భార్యాభర్తలకు ఇది బాగా నప్పుతుంది.

తిండి గురించి మనవాళ్లకు దిగులక్కర్లేదు. అన్నం, పప్పు, కూర, పచ్చడి ఉండే దాల్‌భాత్ ప్రతిచోటా దొరుకుతుంది, అన్నం, పప్పు అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. చిన్న డబ్బాలో కందిపొడి, గట్టి మూతున్న ఇంకో డబ్బాలో ఆవకాయ ఉంటే వారం గడిచిపోతుంది. ఆవకాయ డబ్బాకు రెండు కవర్లు చుట్టండి, బట్టలకు నూనె పట్టిందంటే ఆ కొండల్లో ఉతకడం జరిగే పని కాదు. చోమ్రోంగ్ దాటాక దేవతల చోటు అన్న నమ్మకంతో మాంసం పైకి తీసుకెళ్లరు. కోడిగుడ్డుతో సరిపెట్టుకోవాలి.

మెట్ల సంగతి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. ఈ దారి ఎత్తు అనగానే 4,130 అంటారు, కానీ ఎక్కేది అంతకన్నా చాలా ఎక్కువ. చోమ్రోంగ్ నుంచి వాగు దాకా రాతి మెట్లు దిగి, మళ్లీ సినువాకు ఎక్కాలి. తిరిగొచ్చేటప్పుడు అదే పని ఎదురుదిశలో. గుండె బాగున్నా మోకాళ్లు బాగోలేనివాళ్లకు ఐదు దారుల్లో ఇదే కష్టం. ట్రెకింగ్ కర్రలు రెండూ తీసుకెళ్లండి, ఒక్కటి చాలదు.

ఇంకో జాగ్రత్త. దేవరాలి సుమారు 3,200 మీటర్లలో ఉంది. అక్కడి నుంచి ఒకే రోజు బేస్ క్యాంప్‌కు వెళ్లి పడుకుంటే తొమ్మిది వందల మీటర్ల పెరుగుదల. చాలామంది అలాగే చేస్తారు, రాత్రంతా తలనొప్పితో కూర్చుంటారు. మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్‌లో, అంటే 3,700 దగ్గర పడుకుని, తెల్లారకముందు పైకి వెళ్లి సూర్యోదయం చూసి దిగిపోతే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో దేవరాలి చుట్టుపక్కల మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంది. ఆ భాగం పొద్దున్నే దాటేయాలి, లాడ్జి వాళ్లు వద్దంటే ఆగాలి.

కాగితాల విషయం. నేపాల్‌కు వీసా అక్కర్లేదు, కానీ పదిహేను నుంచి అరవై అయిదేళ్ల మధ్యవాళ్లకు ఆధార్ కార్డు చెల్లదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతం పర్మిట్ మనలాంటి సార్క్ దేశాలవాళ్లకు వెయ్యి నేపాలీ రూపాయలు. మన రూపాయికి వాళ్లవి 1.6 కాబట్టి 625 రూపాయలు. 2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెకర్లకు గైడ్ తప్పనిసరి అని నేపాల్ నియమం పెట్టింది. అమలు అన్ని చోట్లా ఒకేలా లేదు, అయినా దాన్ని నమ్ముకుని బయలుదేరకండి. పోఖరా దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు, నగదు అక్కడే తీసుకోండి. పైకి వెళ్లేకొద్దీ వేడినీళ్లకు, ఫోన్ ఛార్జింగ్‌కు, వైఫైకి విడివిడిగా డబ్బులు తీసుకుంటారు. ఇది చూసి కొందరు మోసం అంటారు. ఆ గ్యాస్ సిలిండర్ పైకి ఎలా వచ్చిందో దారిలో ఒకసారి చూస్తే ఆ మాట అనరు.

డబ్బు కలిసి రావాలంటే రైల్లో గోరఖ్‌పూర్ దాకా వెళ్లి సునౌలీ సరిహద్దు దాటి బస్సు పట్టుకోవచ్చు. రప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగానే పోతుంది. రానూపోనూ చెరో రెండు రోజులు వేసుకోండి.

హర్ కీ దూన్

ఐదింట్లో ఎత్తు తక్కువ, దూరం తక్కువ, పేరు కూడా మనవాళ్లలో తక్కువే. డెహ్రాడూన్ నుంచి సాంక్రీకి రోజంతా ప్రయాణం. మలుపుల రోడ్డు, కడుపులో తిప్పేవాళ్లు మాత్ర వేసుకుని ఎక్కాలి. సాంక్రీ నుంచి లోయ వెంట, ఓస్లా ఊరి మీదుగా 3,566 మీటర్ల పచ్చిక మైదానానికి చేరతారు. ఎదురుగా స్వర్గారోహిణి శిఖరాలు. భారతంలో పాండవులు చివరి నడక నడిచి స్వర్గానికి ఎక్కింది ఇటే అని అక్కడి నమ్మకం. విచిత్రం ఏంటంటే ఆ చుట్టుపక్కల ఊళ్లలో దుర్యోధనుడి పేరు కూడా గౌరవంగానే తలుస్తారు.

ఇక్కడ చూడాల్సింది శిఖరాల కన్నా ఊళ్లు. దేవదారు చెక్కతో కట్టిన రెండు, మూడు అంతస్తుల ఇళ్లు, కింద పశువులు, పైన మనుషులు, చెక్కడాలున్న గుడులు. ఓస్లాలో ఒక ఇంట్లో బస చేసి, రాజ్మా అన్నం తిని, పొయ్యి దగ్గర కూర్చుంటే సాయంత్రం తెలియకుండా గడిచిపోతుంది. హిందీ కాస్త వచ్చినవాళ్లకు కబుర్లకు కొదవ ఉండదు.

వెళ్లిన దారినే తిరిగి రావడం దీని లోపం. మంచిదనం కూడా అదే. ఎక్కడ నచ్చకపోయినా, ఎక్కడ ఓపిక అయిపోయినా వెనక్కి తిరగడమే, దాటాల్సిన కనుమ లేదు. పదేళ్లు దాటిన పిల్లలతో వేసవి సెలవుల్లో వెళ్లడానికి దీన్నే ముందు చెబుతాను. అసలు నడక ఐదారు రోజులే కాబట్టి మిగిలిన రోజు మైదానం దగ్గరే ఉండి జౌంధార్ హిమానీనదం వైపో, మనిందా తాల్ అనే సరస్సు వైపో నడిచి రావచ్చు.

కశ్మీర్ గ్రేట్ లేక్స్: ఫోటోలు నిజమే

సోనామార్గ్ దగ్గర మొదలై నారానాగ్‌లో ముగిసే ఈ దారి సుమారు 70–75 కిలోమీటర్లు. విషన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, నంద్‌కోల్, గంగాబల్. దాదాపు రోజుకో సరస్సు. గడ్‌సర్ కనుమ ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే విషన్‌సర్, కిషన్‌సర్ రెండూ కింద పక్కపక్కనే మెరుస్తాయి. ఫోటోల్లో రంగు పెంచారేమో అన్న అనుమానం అక్కడితో పోతుంది. జులై నుంచి సెప్టెంబర్ మధ్య దాకా సీజన్. మిగతా హిమాలయం వానల్లో నానుతున్న ఆగస్టులో ఇక్కడ పచ్చగడ్డి, పూలు. వాన అస్సలు ఉండదని కాదు, కానీ నడవలేనంత ఉండే రోజులు తక్కువ.

ఇంత బాగుంటే మొదటి ట్రెక్‌గా ఎందుకు వద్దంటున్నానంటే, దిగే దారి వల్ల. మొదటి రోజే సుమారు 3,500 మీటర్ల దగ్గర పడుకోవాలి. హైదరాబాద్ ఎత్తు అయిదు వందల పైచిలుకు మీటర్లు. రెండు రోజుల్లో ఇంత తేడా అందరి ఒంటికీ పడదు. మర్నాడు నిచ్‌నాయ్ కనుమ, తర్వాత 4,200 మీటర్ల గడ్‌సర్ కనుమ. అది దాటాక ముందుకెళ్లినా వెనక్కెళ్లినా రోడ్డు చేరడానికి రెండు రోజుల నడకే. ఫోన్ సిగ్నల్ లేదు. ఎవరికైనా జబ్బు చేస్తే గుర్రం మీద ఎక్కించి, మళ్లీ కనుమ దాటించి తీసుకెళ్లాలి. చివరి రోజు గంగాబల్ నుంచి నారానాగ్‌కు పదమూడు, పద్నాలుగు వందల మీటర్ల దిగుడు. అప్పటికే అలసిన మోకాళ్లకు అది అసలు పరీక్ష. బొటనవేలి గోళ్లు నల్లబడటం ఇక్కడే జరుగుతుంది. గోళ్లు కత్తిరించుకుని, బూట్ల లేసులు చీలమండ దగ్గర బిగించి దిగండి.

ఇంకోసారి వెళ్లగలిగే అవకాశం ఉంటే ముందు సందక్‌ఫునో హర్ కీ దూన్‌నో చూసి, ఎత్తులో మీ ఒళ్లు ఎలా ఉంటుందో తెలుసుకుని, తర్వాత ఇక్కడికి రండి. మొదటిసారే వెళ్లక తప్పదంటే సోనామార్గ్‌లో రెండు రాత్రులు అదనంగా ఉండండి. అది టైమ్ వేస్ట్ అనిపిస్తుంది, కాదు.

దారిలో సైన్యం చెక్‌పోస్టులు ఉంటాయి, అసలు గుర్తింపు కార్డు దగ్గర ఉండాలి. భద్రతా కారణాలతో ఈ దారి అప్పుడప్పుడూ మూసేస్తుంటారు కాబట్టి డబ్బు వెనక్కి వచ్చే టికెట్లే తీసుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. శ్రీనగర్‌లో దిగాక ఇది తెలిసి ఇంట్లోవాళ్లు టెన్షన్ పడే సందర్భాలు చాలా ఉన్నాయి.

గోయ్‌చాలా గురించి క్లుప్తంగా

ఇది రెండో, మూడో ట్రెక్. దారి మొదలయ్యే యుక్సోమ్ ఎత్తు 1,780 మీటర్లు. అక్కడి నుంచి తడి అడవి, వంతెనలు, షోఖా, ఆ తర్వాత ఒక్క రోజులో సుమారు వెయ్యి మీటర్లు ఎక్కి నాలుగు వేల మీటర్ల జోంగ్రీ. అక్కడ ఒక రోజు ఆగి ఒంటిని అలవాటు చేయని షెడ్యూల్ ఎవరైనా ఇస్తే ఆ ఏజెన్సీని వదిలేయండి. చివరి రోజు అర్ధరాత్రి దాటాక లేచి చీకట్లో సమితి సరస్సు మీదుగా నడిచి, తెల్లారేసరికి వ్యూ పాయింట్ చేరాలి. 8,586 మీటర్ల కాంచన్‌జంగా సందక్‌ఫు నుంచి దూరపు చుట్టంలా కనిపిస్తే, ఇక్కడ ఎదురుగా నిలబడి ఉంటుంది. ఈ దారి ఉన్న కాంచన్‌జంగా జాతీయ పార్కు 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, నమోదైన ఏజెన్సీ ద్వారానే అనుమతి. అడవి భాగంలో వాన, జలగలు మామూలే. ఇవి భరించగలిగితే శిఖరానికి దగ్గరగా వెళ్లిన అనుభూతిలో మిగతా నాలుగూ దీని తర్వాతే.

బ్యాగ్ ఎవరు మోయాలి?

సొంతంగా మోయడమే అసలైన ట్రెక్ అనే పట్టుదల కొందరిది. నాకది కొంచెం అతిగా అనిపిస్తుంది. లాడ్జి దారుల్లో మోయండి, బాగుంటుంది. టెంట్ దారుల్లో, అందులోనూ నాలుగు వేల మీటర్ల కనుమలు దాటేచోట, రోజుకు సరిపడా నీళ్లు, వాన కోటు, వెచ్చని పొర ఒకటి చిన్న బ్యాగ్‌లో పెట్టుకుని మిగతాది కంచర గాడిదకు ఇచ్చేయండి. బరువు ఒంటి బరువులో అయిదో వంతు దాటితే నడక ఆనందం పోతుంది. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు హద్దు, తొమ్మిది అయితే హాయి.

నేపాల్‌లో పోర్టర్‌ను పెట్టుకుంటే ఇద్దరు కలిసి ఒకరిని పెట్టుకోవడం మామూలు. ఇద్దరి సామానూ కలిపి ఇరవై కిలోలు దాటకుండా చూడండి. అతనికి సరైన బూట్లు, జాకెట్ ఉన్నాయో లేదో మొదటి రోజే కనుక్కోండి, బీమా సంగతి ఏజెన్సీని అడగండి. చౌకగా ఇస్తామన్న ఏజెన్సీ ఆ తగ్గింపు ఎక్కడ పట్టిందో అప్పుడు తెలుస్తుంది.

మోసే బ్యాగ్‌లో జీన్స్ వద్దు, తడిస్తే రెండు రోజులు ఆరదు. కాటన్ టీషర్టులు కూడా తగ్గించండి. మంకీ క్యాప్ చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, అర్ధరాత్రి చెవులు కప్పేది అదే.

ఎత్తు, సాధన

మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు అయిదు వందల మీటర్ల కన్నా ఎక్కువ పెరగకూడదు, మూడు, నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి అన్నది వైద్యులు చెప్పే సూత్రం. ఏజెన్సీల షెడ్యూళ్లను ఈ సూత్రం పక్కన పెట్టి చూడండి. సందక్‌ఫు సుమారుగా సరిపోతుంది, హర్ కీ దూన్‌కు పెద్ద ఇబ్బంది లేదు, అన్నపూర్ణను మచ్ఛపుచ్ఛ్రే దగ్గర ఆగి సరిచేసుకోవచ్చు, గోయ్‌చాలాకు జోంగ్రీలో ఆగే రోజు కావాలి, కశ్మీర్ ముందు రాత్రులు అడుగుతుంది. తలనొప్పితో పాటు వాంతులు, తూలడం, కూర్చున్నా ఆయాసం ఉంటే మందు వేసుకుని పైకి వెళ్లడం కాదు, దిగడమే వైద్యం. ఎత్తు పడక వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ లాంటి మందు విషయం బయలుదేరే ముందే మీ డాక్టర్‌తో మాట్లాడండి, సల్ఫా మందులు పడనివాళ్లు మరీ తప్పకుండా.

సాధనకు తిరుమల మనకు దొరికిన వరం. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, అలిపిరి 3,550. దేవస్థానం వాళ్లు లగేజీ ఉచితంగా కొండ మీదికి పంపిస్తారు, మీరు మాత్రం పంపకుండా వీపున వేసుకుని ఎక్కండి. దర్శనం అయ్యాక బస్సెక్కకుండా నడిచే దిగండి. ట్రెక్‌లో మోకాళ్లను దెబ్బతీసేది దిగుడే, జిమ్‌లో దానికి సాధన దొరకదు. తిరుపతి దూరమైనవాళ్లకు సింహాచలం మెట్లు, భువనగిరి కోట, అదీ కాకపోతే అపార్ట్‌మెంట్ మెట్లు. రెండు నెలలు, వారానికి నాలుగు రోజులు, ట్రెక్‌లో వేసుకునే బూట్లతోనే.

సెలవు ఎప్పుడు దొరుకుతుంది?

ఎంత ఆలోచించినా చివరికి సెలవే నిర్ణయిస్తుంది. మే నెల, పిల్లల సెలవులు అయితే హర్ కీ దూన్. ఆగస్టు పదిహేను చుట్టూ నాలుగు రోజులు కలిసొస్తే కశ్మీర్, అదీ ముందు ఒక ట్రెక్ చేసినవాళ్లకే. దసరా సెలవులకు సందక్‌ఫు, అన్నపూర్ణ రెండూ బాగుంటాయి, కానీ అప్పుడే బెంగాలీలకు పూజ సెలవులు, సందక్‌ఫు దారి కిటకిటలాడుతుంది. నేపాల్‌లోనూ అక్టోబర్ రద్దీ నెలే. టీ హౌసుల్లో గదులు నిండిపోయి భోజనాల హాల్లో బల్లల మీద పడుకోబెడతారు. దసరా వదిలి నవంబర్ మొదటి రెండు వారాలు తీసుకోగలిగితే ఆకాశం ఇంకా తేటగా, దారి ఖాళీగా దొరుకుతుంది. సంక్రాంతికి వెళ్లాలంటే ఈ ఐదింట్లో సందక్‌ఫు ఒక్కటే చెప్పగలను, మంచుకు, గడ్డకట్టిన నీటి గొట్టాలకు సిద్ధపడి.

ఒంటరిగా, సొంత వేగంతో వెళ్లాలనుకుంటే అన్నపూర్ణ. అమ్మానాన్నలతో అయితే సందక్‌ఫు. పిల్లలతో హర్ కీ దూన్. ఆఫీసు స్నేహితుల గుంపులో ఎవరికి ఎంత ఓపికో తెలియనప్పుడు కూడా సందక్‌ఫునే, ఎందుకంటే గొడవ పడినవాళ్లను జీపు ఎక్కించి పంపేయొచ్చు. ఏది ఎంచుకున్నా తిరుగు టికెట్‌కు ముందు ఒక రోజు ఖాళీ ఉంచండి. కొండచరియలు రోడ్డు మీద పడితే డార్జీలింగ్ వైపైనా, సాంక్రీ వైపైనా ఒక పూట ఆగిపోవడం మామూలే. బీమా తీసుకునేటప్పుడు ఎంత ఎత్తు దాకా చెల్లుతుందో, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో ఫోన్‌లో కాకుండా కాగితం మీద చూసుకోండి. చాలా మామూలు ప్రయాణ బీమాల్లో ట్రెకింగ్‌కు ఎత్తు పరిమితి ఉంటుంది, అన్నపూర్ణ బేస్ క్యాంప్, గడ్‌సర్ కనుమ ఆ పరిమితికి పైన పడొచ్చు.